చలి తప్పించుకుని వెళ్లిపోదాం అనుకునేవారికి కొన్ని లెక్కలు



అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటాం కదా, ఆ మరుసటి వారం నుంచి మన గుడిలో అన్నప్రసాదం బల్లల దగ్గర ఒకే మాట మొదలవుతుంది. నాలుగింటికే చీకటి, మోకాళ్ల నొప్పులు, పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీకడం, గ్యాసు బిల్లు. ఆఖరికి ఎవరో ఒకరు విస్తరి మడుస్తూ "రిటైరయ్యాక ఇక్కడెందుకండీ, హాయిగా మన ఊరు వెళ్లిపోదాం" అంటారు. చుట్టూ పదిమంది తలలూపుతారు. చాలా ఏళ్లుగా వాళ్లలో నేనూ ఉన్నాను.

కమిటీవారు ఈ సంచికకు దీని గురించి రాయమన్నారు. ఇరవై ఆరేళ్లు ఒక కౌన్సిల్ పేరోల్ విభాగంలో పనిచేశాను కాబట్టి పెన్షన్ కాగితాలంటే నాకు భయం లేదు. అంతకుమించి అర్హత లేదు. ఇంకో కారణం ఉంది. మా అక్కా బావగారూ 2016లో ఇక్కడి ఇల్లు అమ్ముకుని రాజమండ్రి వెళ్లిపోయారు. వాళ్లకు ఏం జరిగిందో దగ్గరనుంచి చూశాను. రాయనా అని ఫోన్లో అడిగితే బావగారు, "పేర్లు వద్దు గానీ అంకెలు మాత్రం ఒక్కటీ దాచకు అమ్మాయ్" అన్నారు. అందుకని ఆయన అంకెలతోనే మొదలుపెడతాను.

బావగారికి 2016 ఏప్రిల్లో 65 నిండాయి. సరిగ్గా ఆ నెలలోనే కొత్త స్టేట్ పెన్షన్ పద్ధతి మొదలైంది. ఆయనకు పూర్తి మొత్తం వచ్చింది, వారానికి 155.65 పౌండ్లు. ఆగస్టులో వెళ్లిపోయారు. ఇవాళ్టికీ ఆయన ఖాతాలో పడేది వారానికి 155.65 పౌండ్ల లెక్కనే. ఆయనతోపాటే రిటైరై ఇక్కడే ఉండిపోయిన స్నేహితుడికి 2025 ఏప్రిల్లో అది 230.25 పౌండ్లకు పెరిగింది. అప్పటికి తేడా వారానికి 74.60, ఏడాదికి 3,879 పౌండ్లు. ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీలో, ఒకే షిఫ్టులో పనిచేసి, ఒకే రకంగా నేషనల్ ఇన్సూరెన్స్ కట్టినవాళ్లు.

స్టేట్ పెన్షన్ ఏటా ఏప్రిల్లో పెరుగుతుంది. ధరల పెరుగుదల, జీతాల పెరుగుదల, రెండున్నర శాతం, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే అంత. దీన్నే ట్రిపుల్ లాక్ అంటారు. అయితే ఆ పెంపు ఈ దేశంలో నివసించేవారికీ, బ్రిటన్‌తో అందుకు తగిన ఒప్పందం ఉన్న దేశాల్లో ఉండేవారికీ మాత్రమే. ఆ ఒప్పందం ఇండియాతో లేదు. పెన్షన్ ఆపరు, ఇండియాలోని బ్యాంకు ఖాతాకే పంపుతారు కూడా. కాకపోతే మీరు వెళ్లిన నాటి మొత్తం దగ్గరే నిలిచిపోతుంది. అక్కడికి వెళ్లాక పెన్షన్ వయసు వస్తే, మొదటిసారి ఎంత ఇచ్చారో అదే ఆఖరివరకూ. దీన్ని ఫ్రోజెన్ పెన్షన్ అంటారు. "గడ్డకట్టే చలి వద్దని మేం వచ్చేస్తే మా పెన్షన్ గడ్డకట్టుకుపోయింది" అని బావగారు నవ్వుతారు. ఆ నవ్వు ఎందుకో నాకు నచ్చదు.

ఇందులో తర్కం వెతక్కండి. అమెరికా వెళితే పెరుగుతుంది, కెనడా వెళితే పెరగదు. ఫిలిప్పీన్స్‌లో పెరుగుతుంది, ఆస్ట్రేలియాలో పెరగదు. ఉగాదికి ప్రభుత్వ సెలవిచ్చే మారిషస్‌లో పెరుగుతుంది, ఉగాది పుట్టిన చోట పెరగదు. దక్షిణాఫ్రికాలో ఉంటున్న ఒక పెన్షనరు, మరికొందరు కలిసి ఇది వివక్ష అని స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుదాకా వెళ్లారు. 2010 మార్చిలో అక్కడి పెద్ద ధర్మాసనం కూడా వాళ్ల వాదన ఒప్పుకోలేదు. 2025లో ఇండియా, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాక "ఇక మన పెన్షన్ కూడా పెరుగుతుందట" అని వాట్సాప్‌లో ఒక సందేశం తిరిగింది. అది నిజం కాదు. ఆ ఒప్పందంతో పాటు అనుకున్నది కొద్దికాలానికి ఉద్యోగం మీద వచ్చిపోయేవారు రెండు దేశాల్లోనూ చందా కట్టక్కర్లేకుండా చేసే ఏర్పాటు. పెన్షన్ పెంపుకు దానితో సంబంధం లేదు.

దీనికి బావగారి దగ్గర ఒక జవాబు ఉండేది. "పౌండ్లలో పెరక్కపోతేనేం, రూపాయల్లో పెరుగుతోంది కదా" అనేవారు. కొంతవరకు నిజమే. ఆయన వెళ్లేనాటికి పౌండు తొంభై రూపాయలకు అటూ ఇటూగా ఉండేది, తర్వాత నూట పది దాటింది. కానీ ఆ తొమ్మిదేళ్లలో రాజమండ్రిలో మందులు, పనిమనిషి జీతం, అపార్టుమెంటు మెయింటెనెన్సు పెరిగినంతగా పౌండు పెరగలేదు. పైగా మారకం రేటు ఎవరి చేతిలోనూ లేదు. 2016లో యూరప్ రిఫరెండం అయిన వారంలోనే పౌండు ఎలా జారిందో చూశాం.

అలాగని అందరికీ ఇది ఒకేలా తగలదు. ఉద్యోగం ద్వారా వచ్చే పెన్షన్లకు వాటి నియమాలు వేరే. మా కౌన్సిల్ పెన్షన్ నేను ఏ దేశంలో ఉన్నా పెరుగుతుంది. ఎన్‌హెచ్‌ఎస్‌లో ముప్పై ఏళ్లు చేసినవారికీ అంతే. దెబ్బ తగిలేది స్టేట్ పెన్షన్ మీదే ఆధారపడినవారికి. అంటే చిన్న వ్యాపారాలు నడిపినవాళ్లకి, టాక్సీ తోలినవాళ్లకి, పిల్లల కోసం ఉద్యోగం మానేసిన మన ఆడవాళ్లకి. పెన్షన్ క్రెడిట్, అటెండెన్స్ అలవెన్స్, వింటర్ ఫ్యూయల్ డబ్బు ఇండియాలో స్థిరపడ్డవారికి రావని కూడా తెలుసుకోండి.

వెళ్లినా వెళ్లకపోయినా ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. ప్రభుత్వ వెబ్‌సైటులో మీ స్టేట్ పెన్షన్ ఫోర్‌కాస్ట్ చూసుకోండి. కొత్త పద్ధతిలో కనీసం 10 ఏళ్ల నేషనల్ ఇన్సూరెన్స్ లేనిదే ఏమీ రాదు. పూర్తి మొత్తానికి సాధారణంగా 35 ఏళ్లు కావాలి. మధ్యలో ఖాళీలుంటే మామూలుగా గడిచిన ఆరేళ్ల వరకు స్వచ్ఛందంగా కట్టి పూడ్చుకోవచ్చు. వెళ్లిపోయాక ఇండియా నుంచి ఆ ఫోన్లు చేయడం ఒక శిక్ష. పెన్షన్ వయసు 2026 ఏప్రిల్ వరకు 66. 2026 ఏప్రిల్ నుంచి 2028 మార్చి మధ్య మెల్లగా 67కి చేరుతుంది. వయసు వచ్చాక కూడా తీసుకోకుండా ఆగితే ప్రతి తొమ్మిది వారాలకు ఒక శాతం, అంటే ఏడాదికి సుమారు 5.8 శాతం కలుస్తుంది. ఒకటి రెండేళ్లు ఇక్కడే ఉండి ఆగగలిగితే, నిలిచిపోయే అంకె కాస్త పెద్దదవుతుంది. ఎప్పటికైనా ఇక్కడికి తిరిగి వచ్చి స్థిరపడితే పెన్షన్ ఆనాటి రేటుకు పెరుగుతుంది. పోయిన సంవత్సరాల బాకీ మాత్రం ఇవ్వరు.

అక్కడున్నవారికి బతికే ఉన్నామని రుజువు చేసే లైఫ్ సర్టిఫికెట్ కాగితం అప్పుడప్పుడు పోస్టులో వస్తుంది. సాక్షి సంతకంతో తిప్పి పంపకపోతే పెన్షన్ ఆపేస్తారు. బావగారి కాగితం ఒకసారి పక్క వీధిలో అదే ఇంటిపేరున్నవాళ్లకు చేరింది. మూడు నెలలు డబ్బు రాలేదు.

ఇక ఆరోగ్యం సంగతి. రాయడానికి కష్టమైన భాగం ఇదే.

2022 జూన్‌లో ఒక పొద్దున అక్క చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది. మాట తడబడింది. 108 అంబులెన్సు త్వరగానే వచ్చింది, ఆ పుణ్యం మరిచిపోలేం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులుంది. ప్రాణం దక్కింది. బిల్లు ఏడు లక్షలు దాటింది. వాళ్లకు ఆరోగ్య బీమా ఉంది, కానీ వెళ్లిన కొత్తలో తీసుకోలేదు. కరోనా వచ్చాక, 2020లో తీసుకున్నారు. అక్కకు ముందునుంచీ బీపీ. ముందునుంచి ఉన్న జబ్బులకు వాళ్ల పాలసీలో నాలుగేళ్ల నిరీక్షణ. రెండేళ్లే అయింది కాబట్టి ఒక్క రూపాయి ఇవ్వలేదు.

ఇప్పుడు నియమాలు కాస్త మెరుగయ్యాయి. 2024 ఏప్రిల్ నుంచి 65 దాటినవారికి కూడా పాలసీ అమ్మవచ్చు, ముందునుంచి ఉన్న జబ్బులకు నిరీక్షణ మూడేళ్లకు మించకూడదు. అయినా మూడేళ్లు మూడేళ్లే. అందుకని వెళ్లే రోజున కాదు, వెళ్లడానికి మూడేళ్ల ముందే పాలసీ ఇస్తారేమో రెండు మూడు కంపెనీలను అడగండి. బీపీ, షుగరు ఏదీ దాచకండి. దాచింది బయటపడేది సరిగ్గా క్లెయిము రోజునే.

"అంత అవసరమే వస్తే ఇక్కడికి వచ్చి ఎన్‌హెచ్‌ఎస్‌లో చూపించుకుందాం, నలభై ఏళ్లు పన్ను కట్టలేదూ" అని మనలో చాలామంది ధైర్యం. బావగారిదీ అదే ధైర్యం. కానీ ఎన్‌హెచ్‌ఎస్ పన్ను రసీదు చూడదు, నివాసం చూస్తుంది. శాశ్వతంగా వెళ్లిపోయినవారు పాస్‌పోర్టు బ్రిటిషుదైనా, చూడటానికి వచ్చిన సమయంలో ఆసుపత్రి చికిత్సకు డబ్బు కట్టాల్సి రావచ్చు, అదీ అసలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు. ఎమర్జెన్సీ విభాగంలో చూడటం వరకు ఉచితమే గాని, వార్డులో చేర్చుకున్నాక లెక్క వేరు. ఇండియాతో దీనికి ప్రత్యేక ఒప్పందమూ లేదు. నిజంగా స్థిరపడటానికే తిరిగి వస్తే మాత్రం వచ్చిన రోజునుంచే అర్హత ఉంటుంది.

మరి అక్కావాళ్లు అలా వచ్చేయొచ్చు కదా అని మేమూ అన్నాం. ఎక్కడికి రావాలి? ఇల్లు అమ్మేశారు. ఆ డబ్బులో సగం రాజమండ్రి ఫ్లాట్‌లో ఉంది, కొంత పిల్లల ఇళ్లకు డిపాజిట్లయింది. అక్క ఏడెనిమిది నెలలు విమానం ఎక్కే స్థితిలో లేదు. వచ్చినా పెన్షన్ క్రెడిట్ లాంటివి కావాలంటే ఇక్కడే స్థిరంగా ఉంటున్నామని మళ్లీ రుజువు చేసుకోవాలి. ఇంట్లో సాయానికి మనిషిని కౌన్సిల్ ఉచితంగా పంపదు. ఇంగ్లండ్‌లో ఆస్తి 23,250 పౌండ్లు దాటితే సంరక్షణ ఖర్చు మొత్తం మనదే. తిరుగుదారి ఉందన్న ధైర్యంతో వెళ్లారు, తీరా చూస్తే దారి ఉంది గాని దాని చివర ఇల్లు లేదు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. అక్కకు రోజూ ఇంటికొచ్చి ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దొరికింది. పగలు ఒక మనిషి, రాత్రి ఒక మనిషి. ఎదురింటివాళ్లు ఏడాదిపాటు పొద్దున టిఫిను పంపారు. ఇవాళ అక్క చేతికర్రతో గోదావరి గట్టుదాకా నడుస్తోంది. అదే డబ్బుకు ఇక్కడ ఇందులో నాలుగో వంతు సాయం కూడా దొరకదని నా నమ్మకం. అందుకే నేను వెళ్లొద్దని రాయడం లేదు.

ఆ సమయంలో మమ్మల్ని బాగా ఏడిపించింది జబ్బుకంటే ఒక సంతకం. ఇక్కడి బ్యాంకులో అక్క ఒక్కదాని పేరునే ఒక సేవింగ్స్ ఖాతా ఉంది. మాట లేదు, చేయి కదలదు, ఏం అడిగినా అర్థమవుతోందో లేదో డాక్టర్లకే తెలియలేదు. లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఉంటే బావగారో నేనో ఆ ఖాతా చూడగలిగేవాళ్లం. రాయలేదు. స్పృహ సరిగా ఉన్నప్పుడే రాసి, ఆఫీస్ ఆఫ్ ది పబ్లిక్ గార్డియన్‌లో రిజిస్టరు చేయించుకోవాలి. జబ్బు చేశాక మిగిలేది కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్‌కు అర్జీ పెట్టుకోవడమే. మేం ఆ కాగితాలు నింపుతుండగానే అక్క దేవుడి దయవల్ల కోలుకుని తనే సంతకం పెట్టింది.

"ఇండియాలో పవర్ ఆఫ్ అటార్నీ రాశాం కదా" అనుకునేవారికి ఒక మాట. అక్కడి చట్టం ప్రకారం రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం కూడా పోతుంది. అంటే సరిగ్గా అవసరమైన వేళకే అది పనికిరాదు. ఇక్కడ రాసుకున్నది అక్కడి బ్యాంకులో దానంతటది చెల్లదు కూడా. కాబట్టి అక్కడి ఖాతాలు ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా ఉమ్మడిగా పెట్టుకోండి, అన్నిటికీ నామినీ పేరు రాయండి. రెండు దేశాల్లో ఆస్తులుంటే రెండు వీలునామాలు మంచివే గాని, రెండోదాంట్లో "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు" అన్న వాక్యం మామూలుగా ఉంటుంది. అది మొదటిదాన్ని కొట్టేస్తుంది. లాయరుకు ముందే చెప్పండి.

పౌరసత్వం సంగతి త్వరగా చెప్పేస్తాను. బ్రిటిష్ పాస్‌పోర్టుతో వెళ్లేవారికి ఓసీఐ కార్డు ఉంటే ఎన్నాళ్లయినా ఉండొచ్చు. ఓటు లేదు. ఫ్లాటు, ఇల్లు కొనుక్కోవచ్చు. పొలం, తోట, ఫాంహౌసు కొనడానికి వీల్లేదు. తమ్ముడు ప్రేమతో దానంగా రాసిచ్చినా కుదరదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. రెండెకరాల కొబ్బరితోట కలలు కనేవాళ్లు మన గుడిలో కనీసం ముగ్గురున్నారు, వాళ్లు దయచేసి ఈ పేరా రెండుసార్లు చదవాలి. ఇక ఇండియన్ పాస్‌పోర్టు వదులుకోకుండా ఇక్కడ ఇండెఫినిట్ లీవ్ టు రిమైన్ మీద ఉన్నవారు వరుసగా రెండేళ్లకు మించి దేశం బయట ఉంటే ఆ హక్కు పోతుంది. పిల్లలు, మనవలు ఇక్కడే ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

పన్నుల గురించి నేను రాయగలిగేది తక్కువ. ఒకే ఆదాయం మీద రెండుచోట్లా పన్ను పడకుండా రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది. చాలా ఏళ్ల తర్వాత ఇండియా వెళ్లి స్థిరపడినవారికి మొదటి రెండు మూడేళ్లు విదేశీ ఆదాయం మీద సాధారణంగా అక్కడ పన్ను ఉండదు, ఆ తర్వాత ఉంటుంది. ఇక్కడ పన్నులేకుండా తీసుకునే పెన్షన్ పాతిక శాతాన్ని అక్కడా అలాగే చూస్తారని అనుకోవద్దు. ఎప్పుడు తీసుకోవాలో రెండు దేశాల పన్నులూ తెలిసిన అకౌంటెంటును వెళ్లేముందే అడగండి. ఇల్లు అద్దెకిచ్చి వెళితే, ముందుగా అనుమతి తీసుకోకపోతే ఏజెంటు అద్దెలోంచి 20 శాతం పన్ను పట్టుకుంటాడు.

మరి మేం ఏం చేస్తున్నామంటే, మా ఇంట్లో ఇంకా ఒక మాట మీదకు రాలేదు. 2027 గోదావరి పుష్కరాలకల్లా సామాను సర్దుకుని వెళ్లిపోవాలని మా వారి పట్టు. కొన్నాళ్లు నేలపట్టు కొంగల్లా బతుకుదామని నా మాట. అవి మన తిరుపతి జిల్లాకు చలికాలంలో వచ్చి, పిల్లల్ని పెంచుకుని, వేసవికి వెళ్లిపోతాయి. డిసెంబరులో వెళ్లి ఫిబ్రవరి ఆఖరుకు వస్తే ఇక్కడి నివాసం చెదరదు, స్టేట్ పెన్షన్ పెంపు ఆగదు, ఎన్‌హెచ్‌ఎస్ ఉంటుంది. మూడు నెలలు దాటితే జీపీ తమ జాబితాలోంచి పేరు తీసేయవచ్చు, మందులూ అంతకుమించి ఒకేసారి ఇవ్వరు, అందుకే ఆ లెక్క. ఖాళీగా ఉన్న ఇంటికి ఇన్సూరెన్సు ఎన్ని రోజులు వర్తిస్తుందో చూసుకోవాలి. చాలా పాలసీల్లో ముప్పై రోజులో అరవై రోజులో అంతే. అక్కడ ఏడాదిలో 182 రోజులు తాకితే ఇండియా పన్ను నివాసి అవుతారు. అక్కడ అద్దెలు, వడ్డీలు కలిపి 15 లక్షలు దాటేవారికి 120 రోజులకే పట్టుకోవచ్చు.

ఆయన వాదన కూడా న్యాయమైనదే. "కొంగలకు డెబ్బై ఏళ్లు రావు. ఏడాదికి రెండుసార్లు పదమూడు గంటల ప్రయాణం ఎన్నాళ్లు చేస్తాం? సగం అక్కడా సగం ఇక్కడా ఉంటే రెండుచోట్లా చుట్టాలమే" అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఒక్క విషయంలో మాత్రం నా మాట నెగ్గింది. ఇన్నేళ్లూ మనం ఊరు వెళ్లింది సంక్రాంతికో పెళ్లిళ్లకో, చుట్టాలింట్లో దిగి నాలుగు వారాలు మర్యాదలు అందుకోవడానికి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో రాజమండ్రిలో కరెంటు పోయిన మధ్యాహ్నం ఎలా ఉంటుందో నేను చూసి ముప్పై ఏళ్లయింది. అందుకని పరీక్ష ఏదో మే నెలలోనే పెట్టుకుంటున్నాం. చుట్టాలింట్లో కాదు, అద్దె ఫ్లాట్‌లో, ఆరు వారాలు. గ్యాసు కనెక్షను, నీళ్ల ట్యాంకరు, బీపీ డాక్టరు, పనిమనిషి, అన్నీ మేమే చూసుకుంటాం. ఇక్కడి ఇల్లు అమ్మే మాట అప్పటిదాకా ఎత్తకూడదని ఇద్దరం ఒప్పుకున్నాం.

జూన్ ఆఖరుకు తిరిగి వస్తాం. ఆ తర్వాత ఆదివారాల్లో ఎప్పటిలాగే అన్నప్రసాదం దగ్గర మజ్జిగ పోస్తూ ఉంటాను. మీ పెన్షన్ ఫోర్‌కాస్ట్ కాగితం తెచ్చుకుంటే వడ్డన అయ్యాక కూర్చుని చూద్దాం.